16 ఏళ్ల అమ్మాయి తెరచాప ఓడ మీద 10 రోజులు వెళ్తానంటోంది, పంపమంటారా? అసలక్కడ ఏం నేర్పుతారు?

తణుకు_టు_ఆక్లండ్:

అందరికీ నమస్తే అండీ. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి ప్లీజ్. మేము ఆక్లండ్ వచ్చి 9 ఏళ్లవుతోంది, మా పెద్దమ్మాయికి 16. వాళ్ల స్కూల్లో స్పిరిట్ ఆఫ్ న్యూజిలాండ్ అని ఒక మూడు కొయ్యల తెరచాప ఓడ గురించి చెప్పారంట, 10 రోజుల ట్రిప్పు, 40 మంది పిల్లలు, సగం అమ్మాయిలు సగం అబ్బాయిలు, దాదాపు అందరూ ఒకళ్లకొకళ్లు కొత్తే. ఫోన్లు తీసేసుకుంటారు, పొద్దున్న లేవగానే సముద్రంలో ఈత, చలికాలమైనా సరే. ఆ తర్వాత ఇంక తాళ్లు లాగడం, కొయ్యలెక్కడం, డెక్ కడగడం. ఇదంతా చెప్పి "అమ్మా నేను వెళ్తా" అంటోంది!

మా ఇంట్లో సముద్రం అంటే అంతర్వేది తీర్థానికి వెళ్లి మూడు మునకలు వేసి రావడమే, అంతకుమించి ఎవరికీ తెలీదు. మావారు పంపుదాం అంటున్నారు, మా అత్తగారు మాత్రం తణుకు నుంచి ఫోన్లో ఒకటే ఏడుపు, ఆడపిల్లని స్తంభాలెక్కిస్తారా అని. నా భయాలు నాకున్నాయి. పడిపోతే? వాంతులైతే? మధ్యలో ఇంటికొచ్చేస్తానంటే?

అసలు నా ప్రశ్న ఇంకోటి. ఈ పిల్ల రేపు నేవీలో చేరదు, ఓడ నడపదు, నర్సింగ్ చదువుతానంటోంది. మరి ముడులెయ్యడం, చాపలు ఎత్తడం నేర్చుకుని ఏం చేస్తుంది? బ్రోచర్లో టీమ్‌వర్క్, లీడర్‌షిప్ అని రాసుంది, ఆ మాటలు ఇప్పుడు ప్రతి సమ్మర్ క్యాంపు వాళ్లూ రాస్తున్నారు కదా. మా అమ్మాయికి నిజంగా కావాల్సింది అదే, అందుకే అడుగుతున్నాను. చాలా మంచి పిల్ల కానీ ఎవరితోనూ కలవదు, స్కూల్లో గ్రూప్ ప్రాజెక్ట్ ఇస్తే మిగతా ముగ్గురికీ చెప్పకుండా రాత్రంతా కూర్చుని తనే మొత్తం చేసేసి సబ్మిట్ చేస్తుంది. "వాళ్లకి వివరించే టైంలో నేనే చేసేస్తా కదా" అంటుంది. ఓడ మీద పది రోజుల్లో ఇలాంటి పిల్లకి ఏమన్నా మారుతుందా? వెళ్లినవాళ్లు గానీ, పిల్లల్ని పంపినవాళ్లు గానీ ఉంటే నిజం చెప్పండి.

వైజాగ్_మాజీ_నావికుడు:

అమ్మా, నేను నేవీలో 15 ఏళ్లు చేసి బయటికొచ్చాను, అందులో రెండేళ్లకి పైన ఐఎన్ఎస్ తరంగిణి మీదే, అందుకని మీ పోస్టు చూశాక పడుకోకుండా ఇది రాస్తున్నా. తరంగిణి కూడా మూడు కొయ్యల ఓడే, 54 మీటర్లు, గోవా షిప్‌యార్డులో కట్టారు, 1997 నవంబరులో నేవీలో చేరింది, ఉండేది కొచ్చిలో. 2003-04లో భూమి చుట్టూ తిరిగొచ్చింది, మన నేవీ ఓడల్లో అలా చుట్టొచ్చిన మొదటిది అదే. దాని చెల్లెలు సుదర్శిని 2012లో వచ్చింది. మిసైళ్లున్న నేవీకి ఈ గుడ్డ చాపల ఓడలెందుకు బావా అని మా బావమరిది కూడా అడిగేవాడు, మీరడిగిందీ ఇంచుమించు అదే.

నాకు అర్థమైంది చెప్తా. ఇంజన్ ఓడలో కొత్త కుర్రాడు తప్పు చేస్తే అది ఎక్కడో స్క్రీన్ మీద ఒక అంకె మారడం, అంతే. తెరచాప ఓడలో తప్పు చేస్తే వాడి చేతికి తెలుస్తుంది, పక్కవాడి చేతికి కూడా అదే క్షణంలో తెలుస్తుంది. ఒక పెద్ద అడ్డచాప తెరవాలంటే ఏం జరుగుతుందో చూడండి. ముందు నలుగురైదుగురు పైకెక్కి చాపకి కట్టిన కట్లు విప్పుతారు. కింద డెక్ మీద ఒక గుంపు చాప కింది మూలల్ని లాగాలి, ఆ తాళ్లని షీట్లంటారు. అదే మూలల్ని పైకి పట్టి ఉంచే తాళ్లు వేరే ఉంటాయి, క్లూలైన్లు అంటారు, వాటిని ఇంకో గుంపు వదులుతూ ఉండాలి. వీళ్లు వదలకపోతే వాళ్లు ఎంత లాగినా చాప కదలదు, ఎందుకంటే వాళ్లు లాగుతున్నది గాలిని కాదు, అవతల తాడు వదలని సొంత స్నేహితుల్ని. మొదటి రోజు కేడెట్లు ఎర్రబడ్డ మొహాలతో ఇంకా గట్టిగా లాగుతారు, మూడో రోజుకి ఎవడో ఒకడు లాగడం ఆపి వెనక్కి తిరిగి "అవతల వదిలారా?" అని అరుస్తాడు. నేను ఆ మాట కోసమే చూసేవాణ్ని. అది ఎవరూ చెప్పకుండా వాడంతట వాడికి రావాలి, క్లాసులో బోర్డు మీద రాస్తే రాదు.

మీ అమ్మాయి సంగతి అందుకే నాకు నచ్చింది. అన్నీ తనే చేసేసే పిల్లకి ఓడ మీద ఆ దారి దొరకదు, ఒక్కతే లాగితే తాడు అంగుళం కూడా రాదు.

ఇంకోటి, చెప్పిన మాట తిరిగి చెప్పడం. "ఆ తాడు పట్టుకో" అంటే తల ఊపితే కుదరదు, "పట్టుకున్నా" అని బయటికి అనాలి, అప్పుడే ఇవతలవాడు వదులుతాడు. చీకట్లో, గాలి హోరులో తల ఊపడం ఎవరికి కనిపిస్తుంది? డెక్ మీద తాళ్లన్నీ ఒకేలా ఉంటాయి, కానీ ఒక్కో తాడుకి దాన్ని చుట్టి కట్టే పిన్ను ఒక్కోటి, దాని చోటు దానిదే. కేడెట్లకి కళ్లకి గుడ్డ కట్టి ఫలానా తాడు దగ్గరికెళ్లి చెయ్యి వెయ్యమనేవాళ్లం. ఆట అనుకుంటారు, కానీ అర్ధరాత్రి వానలో చాప దించాల్సొచ్చినప్పుడు టార్చి వెతుక్కునే టైం ఉండదు.

డ్యూటీలు వాచ్‌ల ప్రకారం ఉంటాయి. మా దగ్గర 4 గంటలు పని 8 గంటలు రెస్టు, సాయంత్రం 4 నుంచి 8 వరకు ఉన్నదాన్ని మాత్రం రెండు ముక్కలు చేసి డాగ్ వాచ్‌లంటాం. అలా చేస్తే రోజుకి ఏడు వాచ్‌లై రాత్రి 12 నుంచి 4 వాచ్ రోజూ ఒకే జట్టు మీద పడకుండా తిరుగుతుంది, వందల ఏళ్ల కిందటి ఏర్పాటు ఇది, ఎంత న్యాయమైనదో చూడండి. ఆ వాచ్‌కి నువ్వు 5 నిమిషాలు లేటుగా వస్తే పైన తడిసి వణుకుతున్నవాడు 5 నిమిషాలు ఎక్కువ నిలబడాలి. ఒకసారి మా దగ్గర ఒక కేడెట్ అలాగే లేటొచ్చాడు, ఎవరూ తిట్టలేదు, దిగిపోయేవాడు తన తడి కోటు తీసి వీడికిచ్చి మాట్లాడకుండా కిందకెళ్లిపోయాడు. ఆ కుర్రాడు మళ్లీ ఒక్కరోజు కూడా లేటు కాలేదు.

ఎక్కడం గురించి భయపడకండి అనను, భయం ఉండాలి. పద్ధతి చెప్తాను, మీరే చూసుకోండి. ఎప్పుడూ గాలి వీచే వైపు నుంచే ఎక్కుతారు, అప్పుడు గాలి మనల్ని తాళ్లకేసి నొక్కుతుంది, బయటికి తొయ్యదు. నిలువు తాళ్లనే పట్టుకోవాలి, అడ్డంగా కట్టిన మెట్ల తాళ్లని చేత్తో పట్టుకోకూడదు, అవి కాళ్లకి మాత్రమే, ఎప్పుడన్నా తెగితే పట్టుకున్నవాడు పడతాడు. పైన అడ్డకొయ్య మీదకి వెళ్లగానే హార్నెస్, అంటే ఒంటికి కట్టుకున్న భద్రతా బెల్టు, తగిలించాలి. అక్కడ నిలబడేది కింద వేలాడే ఒకే తాడు మీద, అందరి కాళ్లూ దాని మీదే, కాబట్టి కొత్తగా కాలు పెట్టేవాళ్లు ముందు "వస్తున్నా" అని అరవాలి, లేకపోతే తాడు ఊగి అవతలివాళ్ల గుండె జారుతుంది. ఒక చెయ్యి ఓడకి, ఒక చెయ్యి నీకు అని మాకు మొదటి రోజే నేర్పారు. ఇంకా ముఖ్యంగా, ఎక్కనంటే బలవంతం చెయ్యకూడదు, నాకు తెలిసిన మంచి ఓడలు ఏవీ చెయ్యవు. ఎక్కనివాళ్లకి కింద పనుంటుంది, కింద నుంచి తాడు అందించేవాడు లేకపోతే పైనున్నవాడు చేసేదేం లేదు.

వాంతులు అవుతాయమ్మా, దాదాపు అందరికీ మొదటి ఒకటి రెండు రోజులు. కింద క్యాబిన్లో పడుకోకుండా డెక్ మీద ఉండి దూరంగా ఆకాశం సముద్రం కలిసే గీతని చూస్తూ ఉండమనండి, పొట్ట ఖాళీగా ఉంచొద్దు, ఉప్పు బిస్కెట్లు, కొంచెం అల్లం, నీళ్లు చుక్క చుక్కగా. చుక్కాని చేతికిస్తే సగం తగ్గిపోతుంది, మనసు దాని మీదకి పోతుంది కదా.

సిడ్నీలో_శ్రీకాకుళం:

అక్కా, మా అబ్బాయి రెండేళ్ల కిందట ఇక్కడ యంగ్ ఎండెవర్ మీద వెళ్లొచ్చాడు, అప్పుడు వాడికి 17. అది 1988లో ఆస్ట్రేలియా ద్విశతాబ్దికి బ్రిటన్ వాళ్లిచ్చిన బహుమతి, రెండు కొయ్యల ఓడ, నడిపేది ఇక్కడి నేవీ వాళ్లే. 16 నుంచి 23 ఏళ్ల లోపు పిల్లల్ని తీసుకుంటారు, 11 రోజులు. పైన అన్నగారు చెప్పిన తరంగిణినీ దీన్నీ గీసింది ఒకాయనే, కొలిన్ మూడీ అని ఇంగ్లండ్ డిజైనర్, మా వాడు చెప్తే ఆశ్చర్యపోయాను.

నేను చెప్పాలనుకున్నది కమాండ్ డే గురించి. ట్రిప్పు చివర్లో ఒక 24 గంటలు ఓడని పిల్లలకి అప్పజెప్పేస్తారు. వాళ్లలో వాళ్లే కెప్టెన్‌ని ఎన్నుకోవాలి, దారి లెక్కలు చూసేవాళ్లని, వాచ్ లీడర్లని, వంటవాళ్లని కూడా. కెప్టెన్‌కి ఒక పేపరిస్తారు, ఎక్కడికి చేరాలి, ఏమేం చెయ్యాలి అని. అసలు సిబ్బంది ఓడ మీదే ఉంటారు, ప్రమాదం అనిపిస్తే తప్ప నోరెత్తరు.

మా వాడు ఫోన్ చేసి చెప్పిన విషయం ఒకటి. వాడు గట్టిగా మాట్లాడే రకం, ఇంట్లో మా అందరికీ ఆర్డర్లేస్తాడు, తననే కెప్టెన్‌ని చేస్తారని గట్టి నమ్మకంతో ఉన్నాడు. చెయ్యలేదు. 11 రోజుల్లో పెద్దగా మాట్లాడని ఒక అమ్మాయిని ఎన్నుకున్నారంట, ఎందుకంటే రాత్రి వాచ్‌లో అందరికీ టీ తెచ్చిందీ, ఎవరి తాడు ఎక్కడ చిక్కుకుందో ముందు చూసిందీ ఆ అమ్మాయే అని పిల్లలందరూ గమనించారంట. వీడిని వాచ్ లీడర్ చేశారు. మధ్యాహ్నం ఓడని గాలికి ఎదురుగా తిప్పాలి, దాన్ని ట్యాకింగ్ అంటారంట, ముందు చాపలు ఎప్పుడు వదలాలో వెనక చాప ఎప్పుడు లాగాలో అంతా క్షణాల మీద నడవాలి. వీడు తొందరపడి ఆర్డరు ముందే ఇచ్చేశాడు. ఓడ ముక్కు గాలికి ఎదురుగా వచ్చి అక్కడే ఆగిపోయింది, చాపలు టపటపా కొట్టుకుంటున్నాయి, ఓడ ముందుకీ వెళ్లదు పక్కకీ తిరగదు. ఓడ సిబ్బందిలో ఒకాయన పక్కనే రెయిలింగ్‌కి ఆనుకుని చూస్తున్నాడు, ఒక్క మాట అనలేదంట. ఆ అమ్మాయి వచ్చి "ఎవరి తప్పు అని కాదు, ఇప్పుడు ఎవరి చేతిలో ఏ తాడుందో చెప్పండి" అని ఒక్కొక్కళ్లని అడిగింది, మళ్లీ వేగం తెచ్చుకుని రెండోసారి తిప్పారు, తిరిగింది. వాడు ఇది చెప్తున్నప్పుడు గొంతు వేరేగా ఉంది, నేను నా కొడుకు అలా మాట్లాడటం అంతకుముందు వినలేదు.

నేను కన్నీళ్లు పెట్టుకున్నానని చెప్పడానికి సిగ్గేం లేదు. పక్కన నుంచుని చూస్తూ కూడా మాట్లాడకుండా ఉండగలిగిన ఆ సిబ్బందికి నేను దణ్ణం పెడతా, నేనైతే రెండో నిమిషంలో తాడు లాక్కునేదాన్ని. పిల్లల హోమ్‌వర్కు మనమే చేసేసే అలవాటు మనకి ఎంత ఉందో ఆ రోజు తెలిసింది. మీ ఓడ మీద కూడా చివర్లో ఇలా పిల్లలకి అప్పజెప్పే రోజు ఉంటుంది, కనుక్కోండి.

డౌటు_రాజు:

అందరూ మంచే చెప్తున్నారు కాబట్టి నేను రెండో వైపు అడుగుతా, తప్పుగా అనుకోవద్దు. నాకూ ఇద్దరు పిల్లలున్నారు, సొంత భయం ఇది. కెనడా వాళ్ల స్కూలు ఓడ కన్‌కార్డియా 2010 ఫిబ్రవరిలో బ్రెజిల్ దగ్గర మునిగిపోయింది కదా, అందులో చదువుకునే పిల్లలే ఉన్నారు. అంతకుముందు జర్మన్ ఓడ ఒకటి కేడెట్లతో సహా పోయిందని చదివాను. ఇవి తెలిసి కూడా "పంపెయ్యండి" అని ఎలా అనగలుగుతున్నారు?

వైజాగ్_మాజీ_నావికుడు:

మంచి ప్రశ్న, ఇది అడగకుండా పిల్లల్ని పంపకూడదు. మీరు చదివిన జర్మన్ ఓడ పామీర్, నాలుగు కొయ్యలది, 1957 సెప్టెంబరులో అట్లాంటిక్‌లో తుఫానుకి పోయింది, 86 మందిలో 80 మంది చనిపోయారు, చాలామంది కుర్ర కేడెట్లు. అది సరుకు ఓడ కూడా, బార్లీ గింజలు విడిగా పోసి తెస్తోంది, ఓడ వాలినప్పుడు గింజలు ఒక పక్కకి జారి ఇంక లేవలేదు. ఇప్పుడు మనం మాట్లాడుకుంటున్నవి సరుకు ఓడలు కావు, అడుగున కదలని బరువుతో శిక్షణ కోసమే కట్టినవి.

కన్‌కార్డియాలో 64 మంది ఉన్నారు, ఒక్కసారిగా వచ్చిన ఈదురుగాలికి పక్కకి ఒరిగి మునిగిపోయింది. కెనడా దర్యాప్తు రిపోర్టు ఏం చెప్పిందంటే, గాలి పెరుగుతుంటే చాపలు తగ్గించలేదు, తలుపులూ గాలి సందులూ తెరిచి ఉండి నీళ్లు లోపలికొచ్చాయి అని. అంటే తప్పు ఓడది కాదు, నడిపిన తీరుది. కానీ 64 మందీ బతికారు, లైఫ్‌రాఫ్ట్‌లలో రెండు రోజులకి దగ్గరగా ఉన్నాక సరుకు ఓడలు వచ్చి ఎక్కించుకున్నాయి. టీనేజి పిల్లలు నిమిషాల్లో పక్కకి పడిపోయిన ఓడలోంచి బయటపడి రాఫ్ట్‌లు ఎక్కగలిగారంటే ముందు డ్రిల్ చేసి ఉండబట్టే. నేను తరంగిణి మీద ఉన్నప్పుడు మనిషి పడిపోయినప్పటి డ్రిల్ ఎన్నిసార్లు చేయించామో లెక్కలేదు. చూసినవాడు అరవాలి, పట్టుకుని తేలే రింగు (లైఫ్‌బాయ్) విసరాలి, ఒక్కడు మాత్రం వేలు చూపిస్తూ పడినవాడి మీంచి కళ్లు తిప్పకూడదు, వేరే ఏ పనీ చెయ్యకూడదు. ఎందుకంటే అలల మధ్య మనిషి తల కొబ్బరికాయంత కనిపిస్తుంది, ఒక్కసారి చూపు తిప్పితే మళ్లీ దొరకదు. ఆ వేలు చూపించే పని చిన్నదిగా కనిపిస్తుంది, అందరూ పరిగెడుతుంటే కదలకుండా నిలబడటం కుర్రాళ్లకి చాలా కష్టం.

కాబట్టి అమ్మా, ఓడ వాళ్లని ఇవి అడగండి. ఎక్కిన మొదటి రోజు ఏ డ్రిల్లులు చేయిస్తారు, పైకెక్కేటప్పుడు ఎక్కడి నుంచి హార్నెస్ తగిలిస్తారు, వాతావరణం చెడితే వెళ్లకుండా ఆగే అధికారం ఎవరిది, డాక్టరు అవసరమైతే ఎంతసేపట్లో ఒడ్డుకి చేరుస్తారు. సూటిగా చెప్పేవాళ్లయితే పంపండి, బ్రోచర్ చదివి వినిపిస్తే పంపొద్దు.

ట్యాంక్‌బండ్_గాలి:

హైదరాబాద్ నుంచి. నేను హుస్సేన్‌సాగర్‌లో వీకెండ్స్ పిల్లలకి సెయిలింగ్ నేర్పడంలో సాయం చేస్తుంటా, అందుకని ఇక్కడివాళ్ల కోసం కొంచెం రాస్తున్నా. ఆక్లండ్, సిడ్నీ అనగానే మనకి కాదులే అనుకోకండి. మా దగ్గర మొదలు ఆప్టిమిస్ట్ అనే చిన్న పడవతో, 2.36 మీటర్లు, ఒక్క చాప, 15 ఏళ్ల లోపు పిల్లలకి, ప్రపంచమంతా చిన్నపిల్లలు దీంతోనే మొదలుపెడతారు. యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ వాళ్లు డబ్బున్న ఇళ్ల పిల్లలకే కాకుండా పేద ఇళ్ల పిల్లలకి కూడా నేర్పి జాతీయ పోటీలకి పంపుతున్నారు.

మొదటి పాఠం పడవని కావాలని తిరగెయ్యడం. నీళ్లలో పడి, పడవ అడుగున ఉండే పలకని పట్టుకుని మళ్లీ నిలబెట్టి, ఎక్కి, నీళ్లు తోడెయ్యాలి. అది చెయ్యనిదే చాప ముట్టుకోనివ్వం. ఒకసారి పడి లేచిన పిల్లకి గాలి పెరిగితే మొహంలో ఇంక ఆ కంగారు ఉండదు, నేను వందసార్లు చూశాను.

ఆప్టిమిస్ట్ ఒక్కరి పడవ కదా టీమ్‌వర్క్ ఎక్కడిది అని అడుగుతారు. నీళ్లలోకి దించడానికీ, ఎత్తి ఒడ్డున పెట్టడానికీ ఇద్దరు ముగ్గురు కావాలి, నీ పడవ ఎత్తడానికి వచ్చినవాడి పడవ ఎత్తడానికి నువ్వు వెళ్లకపోతే రేపు నీ పడవ ఒడ్డునే ఉంటుంది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అనేది మా పిల్లల దగ్గర ఒక్కరోజు కూడా చెల్లదు.

కాలేజీ పిల్లలకైతే ఎన్‌సీసీ నేవల్ వింగ్ ఉంది, అక్కడ వేలర్ అనే పెద్ద పడవలో తెడ్లు వెయ్యడం, చాపతో నడపడం నేర్పుతారు. తెడ్డు వేసేటప్పుడు ఒకడి లయ తప్పితే వెనకవాడి తెడ్డు ముందువాడి వీపుకి తగులుతుంది, మాటల్లేకుండానే నేర్చుకుంటారు. ఇక అమ్మాయిలు సముద్రం మీదకా అనేవాళ్లకి చెప్పండి, 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయల్దేరి 2018 మేలో భూమి చుట్టి తిరిగొచ్చిన మన నేవీ తెరచాప పడవ ఐఎన్ఎస్‌వీ తారిణిలో ఉన్న ఆరుగురు ఆడ ఆఫీసర్లలో ఇద్దరు మనవాళ్లే, విశాఖపట్నం నుంచి పి. స్వాతి, హైదరాబాద్ నుంచి ఐశ్వర్య బొడ్డపాటి. 17 మీటర్ల పడవలో 254 రోజులు! మీ అత్తగారికి వాళ్ల ఫోటో చూపించండి అండీ, నేను మా క్లాసులో గోడకి పెట్టాను.

ఉప్పాడ_కుర్రోడు:

నమస్తే అండి. మాది ఉప్పాడ, మా నాన్న బోటు నడిపే సరంగు, నేను ఇప్పుడు కాకినాడలో ఉద్యోగం చేస్తున్నాను గానీ 12 ఏళ్లప్పుడే బోటెక్కాను. ఇదంతా చదువుతుంటే ఏదో తెలియని ఆనందంగా ఉందండి, మేము చేసిన పనే డబ్బులిచ్చి నేర్చుకుంటున్నారని తెలిసి. మా తాతలకి ఇంజన్లు లేవు, చాప, తెడ్డు, అంతే. ఇక్కడ తాళ్లరేవు, కోరంగి వైపు పెద్ద పెద్ద తెరచాప ఓడలే కట్టేవాళ్లు ఒకప్పుడు, 1839 తుఫానుతో కోరంగి రేవు పోయింది గానీ.

మాకు ఎవరూ క్లాసులు చెప్పలేదు. కొత్త పిల్లోడికి మొదట నీళ్లు తోడే పని, తర్వాత ఐసు, తర్వాత వంట, తర్వాత వల. వల లాగేటప్పుడు ఒక పాట ఉంటుంది, ఆ పాటలో ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అక్కడే అందరూ తీసుకోవాలి. నేను చిన్నోణ్ని కదా బలం లేదు, కానీ నేను పాట తప్పితే మొత్తం వల ఆగేది. అప్పుడు తెలిసింది నా చేతిలో బలం లేకపోయినా నేను లెక్కలో ఉన్నానని.

కానీ ఒక్క మాట, సిడ్నీ అక్క రాసిన ఆ కమాండ్ డే మా దగ్గర లేదండి. మా నాన్న నాకు చుక్కాని ఇచ్చింది నాకు 16 వచ్చాక, అదీ పది నిమిషాలు, ఆ పది నిమిషాలు కూడా పక్కన కూర్చుని "ఎడమకి, ఎడమకి" అంటూనే ఉన్నాడు. తప్పు చేస్తే డీజిలు, వల, ఆ రోజు కూడు అన్నీ పోతాయి కాబట్టి ఆయన అలా ఉన్నాడు, నాకు కోపం లేదు. తప్పు చెయ్యనిచ్చే ఓడ దొరకడం మీ పాప అదృష్టం అండి. పంపండి.

సిడ్నీలో_శ్రీకాకుళం:

ఉప్పాడ తమ్ముడూ, మీ పోస్టు మా అబ్బాయికి చదివి వినిపించాను, తెలుగు చదవలేడు కదా. ఆ వల పాట ఎలా ఉంటుందో వినాలని ఉంది అంటున్నాడు. ఓడ మీద వాళ్లు కూడా "టూ సిక్స్ హీవ్" అని ఒకే గొంతుతో అరిచి లాగుతారంట.

వైజాగ్_మాజీ_నావికుడు:

తమ్ముడు చెప్పిన చివరి మాటకి ఒకటి కలుపుతా. 1941లో యుద్ధం రోజుల్లో బ్రిటన్ సరుకు ఓడలు మునిగినప్పుడు, బలమైన కుర్ర నావికులు లైఫ్‌బోట్లలో చనిపోతుంటే వాళ్లకంటే వయసైన, తెరచాపల మీద పెరిగిన పాత నావికులు బతికొస్తున్నారని ఒక ఓడల కంపెనీ యజమాని లారెన్స్ హోల్ట్ గమనించాడు. కుర్ట్ హాన్ అనే టీచర్‌తో కలిసి వేల్స్‌లో అబెర్‌డోవీ అనే ఊళ్లో కుర్రాళ్లకి బడి పెట్టాడు, కుర్రాళ్లకి సాహస శిక్షణ ఇచ్చే ఔట్‌వర్డ్ బౌండ్ సంస్థ అక్కడే పుట్టింది. సముద్రం కోసం శిక్షణ కాదు, సముద్రం ద్వారా శిక్షణ అనే ఆలోచన వాళ్లది. 1956లో మొదలైన టాల్ షిప్స్ రేసుల్లో, అంటే తెరచాప ఓడల పోటీల్లో కూడా ఓడలో కనీసం సగం మంది 15 నుంచి 25 ఏళ్ల మధ్యవాళ్లు ఉండాలని రూలు. మీరు మొదట్లో అడిగారు కదా, నర్సు అయ్యే పిల్లకి ముడులెందుకని. రాత్రి డ్యూటీ మారేటప్పుడు పేషెంట్ సంగతి తర్వాతి నర్సుకి అప్పజెప్పడం, చెప్పింది తిరిగి చెప్పించుకోవడం, అలసిపోయినా టైముకి వచ్చి ముందువాళ్లని విడుదల చెయ్యడం, ఇవన్నీ వాచ్ మారడమే కదమ్మా.

తణుకు_టు_ఆక్లండ్:

అందరికీ చేతులెత్తి దణ్ణం. అన్నగారు రాసిన ప్రశ్నలు నాలుగూ ఫోన్ చేసి అడిగాను, ఓపిగ్గా సూటిగా చెప్పారు. మా అత్తగారికి తారిణి అమ్మాయిల ఫోటో పంపాను, "ఈ పిల్లల తల్లులు ఎలా ఉన్నారో పాపం" అన్నారు కానీ ఏడుపు తగ్గింది. ఫారం నింపేశాం. వెళ్లొచ్చాక రాస్తాను.

తణుకు_టు_ఆక్లండ్ (ఏడు వారాల తర్వాత):

వెళ్లొచ్చిందండీ! రాస్తానన్నాను కదా. మొదటి రెండు రోజులు తినలేకపోయిందంట, బకెట్ పట్టుకుని డెక్ మీదే కూర్చుందంట, పక్కన ఇంకో అమ్మాయి ఇంకో బకెట్‌తో, ఇప్పుడు ఆ అమ్మాయే తన బెస్ట్ ఫ్రెండ్. ఎక్కడం మొదటిరోజు సగం వరకే ఎక్కి దిగిపోయింది, ఎవరూ ఏమీ అనలేదు, ఐదో రోజు పైదాకా వెళ్లింది. చేతులు చూస్తే నా ప్రాణం ఉసూరుమంది, అన్నీ బొబ్బలే, తను మాత్రం అవి అందరికీ చూపిస్తోంది.

పిల్లలకి ఓడ అప్పజెప్పిన రోజు తను కెప్టెన్ కాలేదు, దారి లెక్కల దగ్గర వేశారంట, ఒక అబ్బాయితో కలిపి. తను లెక్క వేస్తే అతను చూడాలి, అతను వేస్తే తను చూడాలి. తను ఎప్పటిలాగే "నేను వేసేస్తాలే" అని మొత్తం వేసేసిందంట. ఆ అబ్బాయి చూసి దిక్కు లెక్కలో తప్పు పట్టుకున్నాడు, ఓడ దీవికి ఇవతలికి రావాల్సింది అవతలికి పోయేదట. కోపం వచ్చిందా అని అడిగితే, "లేదమ్మా, భయం తగ్గింది, ఇంకొకళ్లు కూడా చూస్తున్నారు కదా అనిపించింది" అంది.

నిన్న రాత్రి మరుగుతున్న చారు గిన్నె దించుతూ ఇటు పట్టుకోమ్మా అన్నాను. ఎప్పుడూ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తల ఊపే పిల్ల, రెండు చేతులా గుడ్డతో పట్టుకుని నా మొహం చూసి "పట్టుకున్నా, వదులు" అంది.

వైజాగ్_మాజీ_నావికుడు:

చాలా సంతోషం తల్లీ. బొబ్బలకి రాత్రి పడుకునే ముందు కొబ్బరినూనె రాయమనండి, చిదమొద్దు.